అక్క వీపు మీద పాలిపోయిన వలయాలు

ఆ శనివారం మధ్యాహ్నం, నొప్పికని గాలి లాగి పెట్టిన ఆరో కప్పు కూడా ఊడదీసి చూస్తే అక్క వీపు మీద మచ్చ అన్నదే లేదు. కప్పు ఉన్నచోట చర్మం గుండ్రంగా కాస్త ఉబ్బి ఉంది. అంచు వెంబడి, తడి గ్లాసు ఎత్తేసిన బల్ల మీద మిగిలే గీతలాగా, పలచటి వలయం. అంతే. ఏడాదికి పైగా వారం వారం అదే వీపు మీద ఏదో ఒక రంగు మచ్చలు చూసినవాణ్ణి. నమ్మకం కలగక కిటికీ రెక్క పూర్తిగా తెరిచాను.

“అక్కా, ఈసారి నలుపు పడలా,” అన్నాను.

“నిజంగానా? అద్దాలు పెట్టుకోనే చూస్తాండావా?”

“పెట్టుకోనే ఉండా.”

“నీ మాట నమ్మేదానికి లేదు, పేపరోడివి. ఏమయ్యా, ఇట్రా. నువ్వు చూసి చెప్పు.”

బావ వసారాలో చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. నూలు చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు. వంగి ఆ వలయాలను బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కాడు. చేప తాజాదో కాదో తెలుసుకోవడానికి నొక్కుతాడే, అలాగే.

“తెల్లగుండాది. చెడు రక్తమంతా పోయినట్టే,” అన్నాడు.

బోర్లా పడుకున్న అక్క దిండులోకే నవ్వింది. “అయితే రేపు చేపల తట్ట నా నెత్తినే పెట్టుకుంటా. ఎనిమిది నెల్లాయ నెత్తిన బరువు లేక. మనిషిని మాదిరే లేను.”

ఆ పూట మేం ముగ్గురం సంతోషంగా ఉన్నాం. ఆ సంగతి దాచకుండా రాయాలి. అక్క నెత్తళ్ళ చేపలు వేయించింది. బావ నన్ను చివరి బస్సు దాకా సాగనంపి, బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నా భుజం తట్టాడు. ఆయన అలాంటి పనులు చేసే మనిషి కాదు.

మరునాడు ఆదివారం తెల్లవారి పడవలు ఒడ్డుకొచ్చాయి. అక్క కానాగంతలు కొనుక్కుంది. సత్తు తట్టలో చేపలు, మీద ఐసు, ఐసు మీద తడి గోనె. నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని నిలబడితే ఇద్దరు ఆడవాళ్ళు చెరోపక్క చెయ్యి వేసి తట్ట ఎత్తారు. ఇసుకలో పది పన్నెండు అడుగులు నడిచింది. అక్కడే కూర్చుండిపోయింది. పడలేదు, కూర్చుంది. తట్ట కాసేపు నెత్తి మీదే ఉందట. తర్వాత ఒక పక్కకు ఒరిగి చేపలన్నీ ఇసుకలో పడ్డాయి. వీపులో చీపురుపుల్ల విరిగినంత చిన్న చప్పుడు తనకు వినబడిందని అక్క తర్వాత చెప్పింది. పక్కనున్న వాళ్ళెవరికీ వినబడలేదు.

మాది మైపాడుకు దగ్గర్లో సముద్రం ఒడ్డు పాలెం. నేను నెల్లూరులో ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్ళు దాటి పనిచేసి రిటైరయ్యాను. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మా అమ్మకు మెడ పట్టేసి తట్ట ఎత్తలేని ఏడాది అక్క ఆ తట్ట ఎత్తుకుంది. నేను నెల్లూరు హాస్టల్లో చేరింది కూడా ఆ ఏడాదే. అప్పటినుంచి వారంలో ఆరు రోజులు తొలి బస్సు ఎక్కి, టౌనులో దిగి, వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. మోకాళ్ళు అరిగాక తిరగడం మానేసి ఒక మలుపులో గోనె పరుచుకొని కూర్చునేది. తట్ట మాత్రం మానలేదు. ఒడ్డు నుంచి బస్సు దాకా, బస్సు నుంచి ఆ మలుపు దాకా నెత్తిన మోయాల్సిందే.

కాబట్టి అక్కకు వీపు నొప్పి అంటే మాకెవరికీ వింత కాదు. మెడ కింద మొదలై రెండు రెక్కల మధ్యగా దిగి నడుము మీద ఆగేది. మా పాలెంలో తట్ట ఎత్తిన ప్రతి ఆడమనిషికీ ఆ నొప్పి ఆ దారిలోనే ఉంటుంది. దాని గురించి ఆడవాళ్ళు ఫిర్యాదు చేయరు, వావి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. “నాది మా అత్త నొప్పి,” అంటుంది ఒకామె. “నాకు మా అమ్మది వచ్చినాది,” అంటుంది ఇంకొకామె.

మా అవ్వ కాలంలో దానికి చెంబు పట్టించేవాళ్ళు. నొప్పి ఉన్నచోట చిన్న దీపం పెట్టి దాని మీద చెంబు బోర్లించేవాళ్ళు. దీపం ఆరిపోయి చెంబు ఒంటిని కరుచుకొనేది. తీస్తే నల్లటి మచ్చ. మచ్చ ఎంత నల్లగా పడితే అంత చెడు రక్తం అక్కడ చేరినట్టు లెక్క. రెండోసారికి, మూడోసారికి రంగు తగ్గుతూ వస్తే చెడు విరిగిపోతున్నట్టు. మచ్చ పడకపోతే మనిషి బాగుపడినట్టు. అవ్వ చెప్పిన ఈ లెక్క మా ఇంట్లో ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చు. వర్షం వాసన లాగా తెలిసిన విషయం.

రిటైరయ్యాక నాకు తీరిక చిక్కింది. టౌనులో ఒక ఫిజియోథెరపీ గది ముందు కప్పింగ్ అని బోర్డు చూశాను. బీపీ మందు తెచ్చుకోవడానికి పోతూ దాని ముందు రెండు మూడు సార్లు ఆగాను. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక పెట్టె తెప్పించాను. పన్నెండు ప్లాస్టిక్ కప్పులు, పిస్తోలు ఆకారంలో ఒక చిన్న పంపు. నిప్పు అక్కర్లేదు. కప్పు ఒంటికి ఆనించి పంపుతో మూడుసార్లు గాలి లాగితే చర్మం బన్నులాగా పైకి ఉబ్బి కప్పులో నిలబడుతుంది. ఫోనులో వీడియోలు చూసి ముందు నా తొడ మీదే వేసుకొని నేర్చుకున్నాను.

శనివారం మా దగ్గర చేపల బేరం ఉండదు. టౌనులో సగం ఇళ్ళు ఆ రోజు నీచు తినవు. అక్కకు వారంలో తీరిక ఉండేది ఆ ఒక్క రోజే. నేను పది గంటల బస్సుకు పోయేవాణ్ణి. అన్నం తిన్నాక, ఆడవాళ్ళ పని మగవాడు చేస్తున్నాడు కాబట్టి, అక్క తనకు తోచిన ఏర్పాటు చేసుకునేది. జాకెట్టు ముందుది వెనక్కి తిప్పి తొడుక్కొని హుక్కులు వీపు మీదికి వచ్చేలా చేసుకొనేది. అవసరమైన మేరకు హుక్కులు విప్పి, మిగతాది చీర కొంగుతో కప్పుకొని చాప మీద పడుకునేది. నేను కాస్త ఆముదం రాసి కప్పులు పెట్టేవాణ్ణి. పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఆమె నోరు ఆగేది కాదు. వారం రోజుల ఊసులన్నీ నేలకు ముఖం పెట్టి చెప్పేది.

మొదటిసారి మచ్చలు చూసి నేనే భయపడ్డాను. నల్లద్రాక్ష రంగు. ఫోనుతో ఫొటో తీయబోతే కసిరింది. “నా వీపు నీ ఫోన్లో ఎందుకురా? రేపు పేపర్లో ఏస్తావా?” అప్పటినుంచి తీయలేదు.

ఆదివారం బస్సులో తోటి ఆడవాళ్ళు ఆమె మెడ కింద కనబడిన మచ్చలు చూసి వదల్లేదట.

“ఏమ్మే, మీ తమ్ముడు ఆఫీసు ముద్రలన్నీ నీ వీపు మీదే కొట్టేసినాడే.”

“ముద్రలు గాదు మే, దోసెలు. పెనం మాడిపొయినట్టుండాది.”

“మీ తమ్ముళ్ళు మీ వీపు మీద ఏం పోసినారో ముందు చెప్పండి,” అందట అక్క. “ఇడ్లీ అన్నా పోసినారా?”

ఈ ముచ్చట వచ్చే శనివారం నాకు చెప్పి, నవ్వి, నవ్వితే కప్పు ఊడిపోతే తిట్టింది.

నొప్పికి ఉపశమనం దొరికిన మాట నిజం. కప్పులు తీశాక రెండు రోజులు మెడ తేలికగా తిరిగేది. చెయ్యెత్తి దండెం మీద బట్టలు ఆరేసేది. నేను చేసిన పని వల్ల ఒక మనిషికి నొప్పి తగ్గడం ఎలా ఉంటుందో నాకు అరవై దాటాక తెలిసింది. పత్రికలో ఎన్ని రాసినా ఆ తృప్తి రాలేదు.

పత్రిక సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. నేను కొన్నాళ్ళు ఆరోగ్యం పేజీ చూశాను. ప్రతి వ్యాసం చివర ‘తప్పనిసరిగా వైద్యుణ్ణి సంప్రదించాలి’ అని ఒక వాక్యం ఉండేది. చోటు చాలకపోతే ముందుగా కోసేది ఆ వాక్యాన్నే. అందరికీ తెలిసిందే కదా అనుకొనేవాళ్ళం. ఎన్నిసార్లు కోశానో నాకు గుర్తు లేదు.

అక్కను డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని నేను అనకపోలేదు. ఒకసారి ఊళ్ళోకి వచ్చిన నర్సమ్మ మాత్రలిచ్చింది, మింగితే కడుపులో మంట అంది. టౌనుకు పోయి ఎక్స్‌రే తీయిద్దాం అన్నాను.

“ఎప్పుడు పోయేది? శనివారం తప్ప నాకు తీరిక యాడుండాది? శనివారం నువ్వొస్తాండావు గదా.”

ఆ మాటకు నేను సంతోషించాను. ఆమెకున్న ఒక్క రోజునూ నా పన్నెండు ప్లాస్టిక్ కప్పులు తీసేసుకున్నాయని నాకు అప్పుడు తట్టలేదు.

నొప్పి తగ్గింది కానీ బలం రాలేదు. నిండు తట్ట నెత్తిన పెట్టుకోవడం మానేసింది. పక్కింటి ఆమె తన తట్టతో పాటు అక్క చేపలు సగం మోసేది. మిగతా సగం అక్క చేతి సంచిలో. బస్సు మెట్లు ఎక్కి కూర్చున్నాక చాలాసేపు మాట్లాడేది కాదట. ముఖం పాలిపోయింది. రంగు తేలిందని అనుకున్నాం. ఎండలో తిరగడం తగ్గింది కదా, అందుకే అన్నాడు బావ. బియ్యం డబ్బా దగ్గర నిలబడి పచ్చి బియ్యం నమలడం మొదలుపెట్టింది. చిన్నపిల్లలు బియ్యం తింటే వాళ్ళ పెళ్ళిలో వాన పడుతుందని పెద్దవాళ్ళు బెదిరిస్తారు. బావ అదే పట్టుకున్నాడు.

“తిను, తిను. మళ్ళీ పెళ్ళి చేసుకుందువు గానీ, పందిరి కొట్టుకపోతాది వానకి.”

“చేసుకుంటే నిన్ను మాత్రం చేసుకోను. వానొస్తే మేలే, నువ్వు తడవాల.”

ఆ బియ్యానికీ జబ్బుకూ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. అడిగితే డాక్టరు అవుననలేదు, కాదనలేదు.

ఇవన్నీ జరుగుతున్న నెలల్లోనే మచ్చల రంగు తగ్గుతూ వచ్చింది. నల్లద్రాక్ష కాస్తా నేరేడు అయింది, నేరేడు దానిమ్మ గింజ అయింది, తర్వాత తామరపువ్వు రేకు అంచు. ప్రతి వారం నేను రంగు చెప్పేవాణ్ణి, అక్క వినేది. ఎలా తగ్గుతోందో, ఇంకెన్ని వారాలు పడుతుందో ముగ్గురం అంచనా వేసుకొనేవాళ్ళం. కప్పులు తీయగానే “ఎట్టుండాది?” అని అడిగేది, నొప్పి గురించి కాదు, రంగు గురించి. నలుపు పోతే తట్ట ఎత్తవచ్చు. ఆమెకు కావలసింది అదే. టౌనులో తన మలుపులో తన గోనె మీద, తానే మోసుకొచ్చిన చేపల ముందు కూర్చోవాలి. వేరే ఆమె మోసిన చేపలు అమ్ముతుంటే అరువు తెచ్చుకున్న చీర కట్టుకున్నట్టుంది అనేది.

ఆదివారం ఒడ్డు మీదినుంచి ఆమెను ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి తెచ్చారు. నేను అక్కడికే పోయాను. ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి అణిగిపోయి ఉంది. తట్ట బరువుకి అణగాల్సిన ఎముక కాదన్నారు. రక్తం తీసుకున్నారు. వయసులో చిన్నదైన ఒక డాక్టరమ్మ అక్క కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. లోపల సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఆ రెప్పను మేం ఒక్కరోజు కూడా లాగి చూడలేదు. ఏడాదికి పైగా వీపు చూశాం.

తర్వాత ఆమె అక్కను పక్కకు తిప్పి వీపు చూసింది. ముందురోజు వలయాలు ఇంకా లీలగా ఉన్నాయి.

“ఇవేంటండీ?”

నేను చెప్పాను. డెస్కులో వార్త చెప్పినట్టు వరుసగా చెప్పాను. ఎప్పుడు మొదలుపెట్టింది, ఎన్ని కప్పులు, ఎన్ని నిమిషాలు. మొదట్లో నల్లగా పడేవని, క్రమంగా తగ్గాయని, నిన్నటికి పూర్తిగా పోయాయని. నా గొంతులో కాస్త గర్వం కూడా ఉండి ఉండాలి. ఆమె ఆ వలయాల మీద మళ్ళీ వేలు పెట్టి చూసింది.

“మచ్చలు పోవడానికి ఇదొక్కటే కారణమని నేననను,” అంది మెల్లగా. “కానీ ఒంట్లో రక్తం ఉంటే కదండీ మచ్చ పడేది.”

అక్క వినలేదు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి ఉన్నారు, మగతగా ఉంది. బావ విన్నాడు.

వారం తర్వాత మాకు పేరు చెప్పారు. ఎముకల్లోపలి మూలుగకు పట్టే ఒక రకం క్యాన్సర్. అది రక్తం ఊరనివ్వదు, ఎముకను గుల్ల చేస్తుంది, వీపు నొప్పిగా మొదలవుతుంది. అక్కకు నలభై ఏళ్ళుగా ఉన్న నొప్పి ఉన్నచోటనే ఈ కొత్త నొప్పి వచ్చి కూర్చుంది. పాతది ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు. నా కప్పులు రెండింటినీ కలిపి రెండేసి రోజులు నిద్రపుచ్చాయి.

రంగు తగ్గడం ఎప్పుడు మొదలైందో చెప్పగలరా అని డాక్టరమ్మ అడిగింది. జబ్బు ఎంత కాలంగా ఉందో కొంత అంచనా దొరుకుతుందేమో అని. వినాయక చవితికి ముందే అన్నాడు బావ. కాదు, తుపానుకు పడవలు కట్టేసిన వారం తర్వాత అన్నాను నేను. మెలకువ వచ్చాక అక్కను అడిగితే, “నాకేం తెలుసు, నా వీపు నేనెప్పుడు చూసినా?” అంది. తేదీ లేని వార్తను ముప్పై ఏళ్ళలో ఒక్కదాన్ని కూడా నేను ముందుకు పంపలేదు. డాక్టరమ్మ ఏమీ రాయకుండా కాగితం తిప్పేసింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో బావ నా పక్కన కూర్చున్నాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ వలో, తాడో ఉంటుంది.

“బామ్మర్దీ,” అన్నాడు. “ఆ పొద్దు మనం ముగ్గురం నవ్వుకుంటిమి గదా. దేనికి నవ్వినట్టు?”

  తర్వాత ఆయనే టీ తెస్తానని లేచి వెళ్ళి, టీ లేకుండానే తిరిగొచ్చాడు.

ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంది. నడుముకు బెల్టు. నెలకు కొన్ని రోజులు ఆసుపత్రికి తీసుకుపోయి మందు ఎక్కించుకొని వస్తాం. మందు ఎక్కిన రోజుల్లో మాట్లాడదు. మిగతా రోజుల్లో మంచం మీదినుంచే ఇల్లు నడుపుతుంది. బస్సు ఆడవాళ్ళు తొలి బస్సుకు పోయేముందు గుమ్మం దగ్గర ఆగి పలకరిస్తారు.

“ఏమ్మే, ఎప్పుడు లేస్తావు? నీ చోటులో పూలమ్మేది వచ్చి కూర్చుంటాంది. తరిమి తరిమి చస్తాండాం.”

“తరమండి. మల్లెపూల వాసనకి నా గిరాకీ పోతాది.”

నేను శనివారాలు మానలేదు. పది గంటల బస్సుకే పోతాను. పోగానే ఆమె అడిగేది ఒకటే.

“కప్పులు తెచ్చినావా?”

“డాక్టరమ్మ వద్దన్నాదక్కా.”

“ఆమెకేం తెలుసు? నలుపు పోయినాదని నువ్వు చెప్తివి. ఇంకో నాలుగు వారాలు ఏసుంటే ఎముక గట్టిపడేది. తొందరపడి తట్ట ఎత్తినా, అదీ నేను చేసిన తప్పు.”

తప్పు తనదని ఆమె గట్టిగా నమ్ముతోంది. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ అదే చెబుతుంది. తమ్ముడు బాగుచేసి ఇచ్చాడు, నేను ఆగలేకపోయాను అంటుంది. నేను పక్కనే కూర్చొని వింటాను. బావ వసారాలో వల కుడుతూ వింటాడు. మచ్చల గురించి ఆసుపత్రిలో విన్నది మేమిద్దరం ఇంతవరకు ఆమెకు చెప్పలేదు. చెప్పాలా వద్దా అని మాలో మేం మాట్లాడుకోనూ లేదు.

మందు ఇంకో రెండు విడతలు ఎక్కించాక మళ్ళీ స్కాన్ తీస్తామన్నారు. ఆమె లేచి నడుస్తుందా అన్నది అప్పటికి గానీ చెప్పలేమన్నారు. ఆ స్కాన్ ఇంకా తీయలేదు.